నీడ పడితే ముడుచుకునే పువ్వు

మా మరిది పోయిన తరువాత వచ్చిన ఎండాకాలంలో, అతని భార్య సులోచన నన్ను పెర్కిట్‌కు రమ్మని ఫోన్ చేసింది. ఇంటికి రంగులు వేయిస్తున్నామని, సజ్జ మీది సామాను దించుతున్నామని, నాకు పనికొచ్చేవి ఏమైనా ఉంటే తీసుకుపొమ్మని చెప్పింది. సులోచన నాకు యారాలు. ఒకే ఇంటికి ఇద్దరం కోడళ్ళం, నేను పెద్దదాన్ని. ఆర్మూర్‌లో ఆటో ఎక్కితే చీర కొంగు సర్దుకునేలోపు పెర్కిట్ వస్తుంది. అయినా వేరుపడ్డ నాటి నుంచి మేము ఒకరింటికి ఒకరం పోవడం తక్కువే. నేను వెళ్ళేసరికి వాకిట్లో పాత చాపలు, ఇత్తడి బిందెలు, కాలు విరిగిన కుర్చీ, వాటి మధ్య ఒక గాజు పెట్టె ఉన్నాయి. పెట్టె నిండా గోనె సంచులు కుక్కి ఉన్నాయి. వాటిని తీసేసి లోపలికి తల పెట్టి చూశాను. ఒకప్పుడు నీళ్ళు ఎంతవరకు ఉండేవో అంత ఎత్తున, అద్దం చుట్టూ తెల్లటి గీత ఉంది. వేలు తడి చేసి దాని మీద గీసి నాలుకకు రాసుకున్నాను. ఇన్నేళ్ళకూ ఉప్పగానే ఉంది. ఒక మూలన అద్దానికి అతుక్కుని, సున్నంతో పోసినట్టు సన్నటి తెల్ల గొట్టం, వంకర తిరిగి, చిటికెన వేలంత పొడుగున ఉంది. దాన్ని చూడగానే నా కడుపులో పాత మంట లేచింది. ఇంత వయసు వచ్చాక కూడా ఆరదా అనుకున్నాను. ఆరలేదు.

ఆ పెట్టె మా ఇంటికి వచ్చేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. మాది పసుపు పండించే ఇల్లు. ఇంట్లో దేని మీద చెయ్యి వేసినా పసుపు వాసన వచ్చేది, ఆఖరుకు తాగే నీళ్ళలో కూడా. మా మామ నడుముకు కట్టుకున్న సంచీలో ఎప్పుడూ నాలుగు ఎండు పసుపు కొమ్ములు ఉండేవి. ఏ సంగతి తేల్చాలన్నా ఒక కొమ్ము తీసి టక్కున విరిచి, విరిగిన చోట రంగు చూసుకుని, ఆ తరువాతే నోరు తెరిచేవాడు. సంబంధం మాట్లాడినా అంతే, బర్రెను కొన్నా అంతే. మా అత్త నాలుకే ఇంటికి తూకం రాయి. పొయ్యి మీది చారును దూరం నుంచి వాసన చూసి ఉప్పు తక్కువని చెప్పగలిగేది. ఆ ఇంటికి నేను ముందు వచ్చాను. పసుపు తవ్వడం, కొమ్ములు విరవడం, కడాయిలో ఉడకబెట్టడం, ఆరబెట్టడం అన్నీ నా చేతుల మీదుగానే నడిచేవి. ఉడికిందో లేదో ఈనెపుల్ల గుచ్చి చెప్పే పని అత్త నాకే అప్పగించింది. సులోచన నా తరువాత వచ్చింది, పదో తరగతి చదువుకుని వచ్చింది. ఆమె వచ్చిన రోజే మామ కొమ్ము విరిచి చూసి, "సదువుకున్న పిల్ల, చేతులు పాడుచేయొద్దు" అన్నాడు. నా చేతుల గురించి ఆ ఇంట్లో ఎవరూ కొమ్ము విరవలేదు.

మరిది గంగాధర్ బహ్రెయిన్‌లో ఒక షేకు ఇంట్లో పనిచేసేవాడు. ఆ షేకుకు గోడంత గాజు పెట్టెలో సముద్రపు నీళ్ళు, చేపలు ఉండేవట. వాటిని కడిగి, మేత వేసి చూసుకోవడమే ఇతని కొలువు. ఒకసారి సెలవు మీద వస్తూ అందరి మగవాళ్ళలా టేప్‌రికార్డరూ చీరలూ తెచ్చాడు, వాటితో పాటు తడి గుడ్డల్లో చుట్టిన రాళ్ళు, ఒక సంచి ఉప్పు, నీళ్ళూ గాలీ నింపిన కవర్లలో నాలుగు చేపలు కూడా తెచ్చాడు. నిజామాబాద్‌లో గాజు పెట్టె చేయించి, కాచి చల్లార్చిన నీళ్ళలో ఆ ఉప్పు కలిపి, అత్తతో రుచి చూపించాడు. అత్త నాలుక చప్పరించి, "మామిడికాయ తొక్కుల ఊట లెక్కున్నది, గింత ఉప్పుల చేప బతుకుతదారా?" అంది. బతికాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలు కట్టుకున్న చేపలు, సిమెంటు గచ్చు ఉన్న ఒకే ఒక్క అర్రలో, కిటికీ పక్కన, బుడగల మిషన్ ముందర తోకలు ఊపుకుంటూ బతికాయి. సముద్రం వాసన ఆర్మూర్‌లో ఎవరికి తెలుసు? ఆ అర్రలోకి పోతే పచ్చి రాయి, చెమట, ఎక్కడివో తెలియని ఆకులు కలిసినట్టు ఉండేది. పసుపు వాసన ఆ గడప దాటి లోపలికి పోయేది కాదు.

సెలవు అయిపోయి పోతూ పోతూ మరిది ఆ పెట్టెను సులోచనకు అప్పగించాడు. నన్ను చూసి నవ్వి, "వదినె, నువ్వు మాత్రం గీ పసుపు చేతులు నీళ్ళల్ల పెట్టకు. చేపలు సస్తయ్" అన్నాడు. తమాషాకే అన్నాడు. కాని ఆ మాట ఇంట్లో చట్టమైపోయింది. ఊరంతా శుభమని గడపలకు పూసుకునే పసుపు, పెళ్ళికూతురి ఒంటికి రాసే పసుపు, ఆ పెట్టె దగ్గర మాత్రం అంటు అయింది. నేను అర్రలోకి అడుగు పెడితే అత్త కూడా, "దూరమే ఉండే" అనేది. చూడడానికి జనం వచ్చేవాళ్ళు. బడి పంతులు, టైలరు, బస్సు కండక్టరు, పక్క ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వచ్చిన చుట్టాలు. సులోచన కుర్చీలో కూర్చుని మేత డబ్బా మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ చదివి వినిపించేది. నేను చాయ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి వినేదాన్ని. ఆమె మేత డబ్బాను పట్టుకున్న తీరు, చూపుడు వేలు ఒక్కో అక్షరం కింద జరిపే తీరు నాకు ఇప్పటికీ గుర్తు. మా ఆయన కూడా పొలం నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని ముందు అటే పోయేవాడు. "సూసినవా, ఎంత మంచిగ సాదుతున్నదో" అనేవాడు. పొయ్యి దగ్గర పొగలో నా కండ్లు ఎర్రగా ఉంటే పొగకే అనుకునేవాడు.

అప్పుడు వచ్చింది పువ్వు సంగతి. ఒక మధ్యాహ్నం సులోచన పరుగెత్తుకొచ్చి, రాతిలో ఎర్రటి పువ్వు పూసిందని చెప్పింది. "సన్నటి రేకులక్కా, గుండ్రంగ, విసనకర్ర లెక్క. తెల్ల గొట్టంల నుంచి వచ్చింది!" నేను చేతులు కడిగి ఉరికాను. రాయి మీద తెల్ల గొట్టం ఉంది. పువ్వు లేదు. "గిప్పుడే ఉండె" అంది సులోచన. మరునాడు మళ్ళీ పిలిచింది, మళ్ళీ ఉరికాను, మళ్ళీ లేదు. ఈసారి, "నువ్వు గట్ల దబదబ వస్తే బెదిరిపాయె" అంది. మూడోసారి చెప్పులు విడిచి, ఊపిరి బిగబట్టి, దొంగపిల్లిలా వెళ్ళాను. నేను కిటికీ దగ్గరికి రాగానే ఏదో ఎర్రటిది సర్రున లోపలికి పోయినట్టు అనిపించింది. అంతే, అనిపించింది. సులోచన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "పువ్వుకు గూడ పెద్ద కోడలంటే భయమే" అంది అత్త. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత పెరట్లోకి పోయి బర్రెను కారణం లేకుండా తిట్టాను. ఆమెకు చదువు ఉంది, అర్ర ఉంది, గచ్చు ఉంది, దూరదేశపు చేపలు ఉన్నాయి. ఇప్పుడు ఆమె ముందు మాత్రమే తెరుచుకునే పువ్వు కూడా. ఒక్కసారి, ఒక్కసారి నాకు కూడా కనబడితే చాలు అని ఆ రోజుల్లో నేను కోరుకున్నంతగా ఇంకేదీ కోరుకోలేదు.

నాకు కనబడింది వేరేది. బర్రెల తవుడు ఆ గచ్చు అర్రలోనే ఉండేది, పొద్దు పొడవక ముందు దాని కోసం నేనే పోయేదాన్ని. సులోచన అప్పుడు అత్త పక్కన నిద్రలో ఉండేది. ఒకరోజు చేతిలోని కందిలి దీపం గాజు పెట్టె మీద పెట్టి చూస్తే, రాళ్ళ సందులోంచి జానెడు పురుగు పాకుతోంది. గులాబీ రంగు ఒళ్ళు, రెండు వైపులా తెల్లటి వెంట్రుకల కుచ్చులు. జెర్రికి కుంచె వెంట్రుకలు మొలిచినట్టుంది. వెలుతురు తగలగానే వెనక్కి, నీళ్ళను పీల్చుకున్నట్టు, రాతిలోకి పోయింది. పొద్దున నేను ఈ మాట చెబితే సులోచన నమ్మలేదు.

"నువ్వు జెర్రిని చూసినవ్, నేను పువ్వును చూస్తి. గట్లెట్లుంటదక్కా?"

"నీ పువ్వును ఎవరు చూసిన్రు? నువ్వే జెప్తివి, నువ్వే మురిస్తివి."

"నీ జెర్రిని ఎవరు చూసిన్రు మరి?"

మా ఆయన ఇద్దరినీ చూసి, "రెండు ఒక్కటే కావచ్చు. పగలు పువ్వు, చీకట్ల జెర్రి. గొంగళిపురుగు సీతాకోక అయితలేదా?" అన్నాడు. ఈ మాట ఊళ్ళోకి పోయింది. టైలరు అది సముద్రపు జలగ అన్నాడు. బడి పంతులు వానపాముకు చుట్టమే అన్నాడు. మామ కొమ్ము విరిచి, రంగు చూసి, "దుంపల పురుగు కనబడ్డదంటే దుంప కుళ్ళినట్టే. ఏ పురుగైతేంది?" అన్నాడు. చివరికి మరిదినే అడగాలని తీర్మానించారు. మా ఇంట్లో ఉత్తరాలు లేవు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు మాటలు క్యాసెట్‌లో నింపి పంపేవాళ్ళం. జక్రాన్‌పల్లి మనిషి ఒకతను బహ్రెయిన్ పోతున్నాడని తెలిసి, చాప పరిచి, టేప్‌రికార్డర్ మధ్యలో పెట్టి, అందరం చుట్టూ కూర్చున్నాం. క్యాసెట్ ముందు చదువున్నదీ లేనిదీ ఒకటే అని నాకు ఆ రోజు చాలా తృప్తిగా ఉండింది.

అత్త ముందు అందుకుంది. "బిడ్డా గంగాధరూ, తిన్నవా? ఆడ ఎండ మస్తున్నదంట గదా, తలకు గుడ్డ కట్టుకో" అంటూ సగం క్యాసెట్ ఆమే నింపింది. మామ బహ్రెయిన్ దాకా వినబడాలన్నట్టు అరిచాడు. "అరే, నీ రాళ్ళల్ల పురుగులున్నయిరా!" తరువాత సులోచన తలొంచుకుని పువ్వు రంగు, రేకులు, గొట్టం మందం చెప్పింది, నేను కిటికీ దగ్గరికి రాగానే అది మాయమవుతుందని కూడా చెప్పింది. ఆమె ఆపగానే నేను జరిగి, "మరిదీ, గది పువ్వు కాదు, జెర్రి. గులాబి రంగు. పక్కలకు తెల్ల వెంట్రుకలు. కందిలి పెడితే దాక్కుంటది" అన్నాను. "ఎర్రగున్నది అని జెప్పక్కా" అని సులోచన పక్క నుంచి అంది. "నేను చూసింది నేను జెప్త, నువ్వు చూసింది నువ్వు జెప్పు" అన్నాను. మా ఆయన టక్కున మీట నొక్కి ఆపేశాడు. ఆ కొట్లాట కూడా బహ్రెయిన్ పోయింది.

జవాబు రావడానికి పసుపు ఉడకబెట్టే రోజులు వచ్చేదాకా పట్టింది. ఈలోపు ఒక తెల్లవారుజామున నేను తవుడుకు పోయేసరికి ఒక పట్టీల చేప అడుగున పడి ఉంది, దాని మీద రెండు కుచ్చుల పురుగులు. నేను కేక వేశాను. అందరూ లేచి వచ్చారు. ఈసారి పురుగును అందరూ చూశారు, సులోచన కూడా. నా మాట నిజమైంది. ఆ ఒక్క పొద్దు నేను ఆ ఇంట్లో ఎంత నిటారుగా నడిచానో! పురుగు చేపను చంపిందని అందరూ అనుకున్నాం. పసుపు ఇంటివాళ్ళం కదా, కుళ్ళూ పురుగూ ఒక్క చోట కనబడితే ఇంకో ఆలోచన రాదు. మామ కొమ్ము విరిచి, "కడాయి మసలుతున్నది. రాళ్ళు తెచ్చి అండ్ల ఎయ్యండి. ఉడికిందాన్ల పురుగు బతుకదు" అన్నాడు. మాకు తెలిసిన మందు అదే. కొమ్ములో ఏ ప్రాణం ఉన్నా, ఏ మొలక దాగినా, కడాయిలో ఒక ఉడుకు ఉడికితే ఇక భయం లేదు.

సులోచన బకెట్లో రాళ్ళు మోసుకొచ్చింది. మామూలుగా ఆమె కడాయి వైపు వచ్చేది కాదు. అక్కడ మేం ఆడవాళ్ళం ఎప్పుడూ ఏదో ఒకటి అనుకుని నవ్వుతుంటాం, ఆ రోజు మాత్రం అందరం ఊరుకున్నాం. ఆమె ఒక రాయి చేతిలోకి తీసుకుని, "మామా, పువ్వు గొట్టాలు దీని మీదనే ఉన్నయ్" అంది. కండ్ల నిండా నీళ్ళు. నాకూ వద్దనిపించింది, ఆమె కోసం కాదు. ఆ రాయి ఉడికితే పువ్వును ఆమె చూసినట్టవుతుంది, నేను ఎన్నటికీ చూడనట్టవుతుంది. "గదొక్కటి ఉంచుదాం మామా" అన్నాను. సులోచన నన్ను దేవతను చూసినట్టు చూసింది. మామ నా వైపు తిరిగి, "కుళ్ళిన కొమ్ము పక్కన మంచి కొమ్ము పెడితె ఏమైతదో నీకు నేను జెప్పాల్నా?" అన్నాడు. ఆ సంగతి నాకు ఎవరికన్నా బాగా తెలుసు. రాళ్ళు కొమ్ములతో పాటు మసిలాయి. తీసి చూస్తే అన్నీ పసుపుపచ్చగా, పూజకు పెట్టినట్టున్నాయి. కడిగి కడిగి మళ్ళీ పెట్టెలో సర్దారు. నీళ్ళు మొదట లేత పసుపు అయ్యాయి, తరువాత మసకబారాయి, తరువాత ఆ అర్రలో సముద్రం వాసన పోయి చచ్చిన వాసన మొదలైంది. చేపలు ఒకదాని వెనుక ఒకటి తేలాయి.

క్యాసెట్ అప్పుడు వచ్చింది. ధర్పల్లి మనిషి తెచ్చి ఇచ్చాడు. మళ్ళీ చాప, మళ్ళీ అందరం. మరిది గొంతు ఏమీ తెలియక హుషారుగా ఉంది. "ఇద్దరు జెప్పింది నిజమే. అవి రెండు తీర్ల పురుగులు. వదినె చూసింది కుంచె పురుగు, చచ్చినవాటిని తిని నీళ్ళు సాఫ్ జేస్తది, బతికున్న చేప జోలికి పోదు. ముట్టుకుంటే మాత్రం ముండ్లు గుచ్చుకుంటయ్. సులోచన చూసింది గొట్టం పురుగు. ఈడ నాతోటి పనిజేసే మలయాళీ దాన్ని విసనకర్ర పురుగంటడు. గా రేకులతోటే అది తింటది, ఊపిరి తీస్తది. ఏం ఫికర్ జేయకుండ్రి. రాళ్ళను మాత్రం ముట్టకుండ్రి, నీళ్ళకు పాణం గా రాళ్ళే." మా ముందర పెట్టెలో పచ్చటి రాళ్ళు. మామ సంచీలోంచి కొమ్ము తీశాడు, చాలాసేపు చేతిలో తిప్పాడు, విరవకుండానే మళ్ళీ సంచీలో పెట్టుకుని బయటికి పోయాడు. క్యాసెట్ తిరుగుతూనే ఉంది. "వదినె, నీకు పువ్వు ఎందుకు కనబడ్తలేదో తెలుసా? గా పురుగుకు నీడంటే భయం. నువ్వు కిటికీ దిక్కు నిలబడుతున్నవ్. నీ నీడ దాని మీద పడుతున్నది. గోడ దిక్కు కూసో, కదలకుండ. గదే తెరుచుకుంటది."

నా పసుపు చేతులు కాదు. నా అడుగుల చప్పుడు కాదు. నేనంటే పడక కాదు. కిటికీ. అంత చిన్న సంగతి.

రాళ్ళ మీది గొట్టాలన్నీ ఉడికిపోయినా, అద్దం మూలన ఒక గొట్టం మిగిలిందని సులోచనే చూసి చెప్పింది. ఆ మసక నీళ్ళ ముందు నేను గోడ వైపు కూర్చున్నాను, పని మానుకుని, అత్త తిట్టినా లేవకుండా. కొమ్ములు కడాయిలో మెత్తబడిపోయి ఆ దఫా పసుపు పాడయింది. ఈనెపుల్ల పని నా చేతి నుంచి పోయింది కూడా ఆ రోజే. గొట్టం గొట్టంలాగే ఉంది. నీళ్ళు పారబోసే ముందు రోజు తనకు ఒకసారి తెరుచుకుందని సులోచన చెప్పింది. నమ్మకూడదని చాలా ప్రయత్నం చేశాను. ఆమె అబద్ధమాడే మనిషి కాదు, అదే బాధ.

తరువాత కొన్నేళ్ళకు ఆర్మూర్‌లో పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పే బడి పెట్టినప్పుడు అందరికన్నా ముందు పోయి పలక పట్టుకున్నది నేనే. ఎందుకు వచ్చావని టీచరమ్మ అడిగితే బస్సు బోర్డు చదవడానికి అన్నాను. నిజానికి నా కండ్ల ముందు ఉన్నది చేపల మేత డబ్బా, దాని మీద కదిలే ఒక చూపుడు వేలు. ఇప్పుడు పేపరు చదువుతాను, ఇదిగో ఇది రాస్తున్నాను. మనవరాలి ఫోన్‌లో ఆ పురుగు పేరు కొడితే ఎన్నో పువ్వులు వస్తాయి, ఎరుపు, ఊదా, చారలవి, ఎంతసేపు చూసినా ముడుచుకోనివి. వాటి కింద రాసింది నేనే చదువుకుంటాను. అప్పుడు పురుగు పేరు తెలుసుకోవడానికి సముద్రం దాటి మాట పోయి, పంట కాలం గడిచి జవాబు వచ్చేది. ఇప్పుడు అడగకముందే వస్తుంది. అయినా ఫోన్‌లోవి చూసి ముగించగానే నాకు అనిపించేది ఒకటే. ఇవి అందరివీ. అది ఒక్క సులోచనది.

పెర్కిట్ వాకిట్లో ఆ పెట్టెను పట్టుకుని, "గిది నేను తీస్కపోత" అన్నాను.

"గదెందుకక్కా? బిందె తీస్కపో, మంచి ఇత్తడి. దాంట్ల నేను కొత్తిమీర ఏద్దామనుకుంటున్న."

"కొత్తిమీరకు పగిలిన కుండ సాలదా?"

సులోచన పెట్టె మూలన ఉన్న గొట్టం వైపు చూసింది. "నీకింక గది మనసుల్నే ఉన్నదా?" అంది. అప్పుడు నేను ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగనిది అడిగాను. "ఎట్లుండె సులోచనా?"

ఆమె చాప మీద కూర్చుంది. "ఎరుపంటరు గని ఎరుపు గాదు. గోరింటాకు పండి పాతగైనంక ఉంటది సూడు, గా రంగు. తెరుచుకున్నంక సప్పుడు లేకుంట ఊగుతుండె, ఎవలో లోపట కూసోని ఇసురుతున్నట్టు." మళ్ళీ తనే, "దాని ముంగట ఊకె ఎందుకు కూసుందుననుకున్నవ్? మీరందరు కడాయి కాడ నవ్వుతుంటే నాకు అర్రలకు వినబడుతుండె. నేనొస్తే అందరు గమ్మునైతుంటిరి. గా పురుగు ఒక్కటే నేనుంటే తెరుచుకుంటుండె" అంది.

నిజమే కావచ్చు. ఆటోలో పెట్టెను ఒడిలో పెట్టుకుని వస్తూ ఆ మాటే తిప్పి తిప్పి చూశాను. ఆమెకు నా నవ్వు మీద కన్ను ఉండిందని తెలిసి ఎక్కడో కొంచెం చల్లబడింది కూడా. కాని పువ్వును చూసిన మనిషి ఆ మాట అనడం సులువు, చూడని మనిషి వినడం కష్టం.

ఇప్పుడు ఆ పెట్టె నా అర్రలో కిటికీ పక్కన ఉంది. నీళ్ళు లేవు, రాళ్ళు లేవు. మూలన ఆ తెల్ల గొట్టం మాత్రం ఉంది, దాన్ని కడగనివ్వలేదు. మధ్యాహ్నం పేపరు చదువుకోవడానికి నా కుర్చీని గోడ వైపు వేసుకుంటాను. వెలుతురు చాలదని, కిటికీ దగ్గరికి జరగమని కోడలు పోరుతుంది. జరగను. నా నీడ పడుతుంది.